మొగ్గ మీదున్న చామంతికి ఎర్రనల్లి: ఘాటు మందు లేకుండా తగ్గించిన తీరు

హైదరాబాద్‌లో ఫిబ్రవరి ఎండ ముదరగానే మేడ మీది చామంతికి ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే, కంటికి సరిగా ఆనని సన్నటి పురుగు) పడుతుంది. ఆకుపైన సన్నటి పసుపు చుక్కలు కనిపిస్తే, కింద తెల్ల కాగితం పట్టి కొమ్మను తట్టాలి. కాగితం మీద రాలిన చుక్కలు నడిస్తే నల్లే. మొగ్గల మధ్య నల్లి సాలెగూడులా బూజు అల్లేసిన కొమ్మల్ని కత్తిరించి, కవర్లో మూటగట్టి పారేయాల్సిందే. వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

పూలు కోసే ముందు సైపర్‌మెత్రిన్ లాంటి ఘాటు పురుగుమందులు అసలు కొట్టకండి. నల్లిని తినే మిత్రపురుగులు చచ్చి, నల్లి ఇంకా పెరుగుతుంది. బాగా పనిచేసింది నీళ్లే: పొద్దున్నే, విచ్చిన పూలను చేత్తో పక్కకు వంచి, ఆకుల అడుగుకు గట్టిగా కొట్టాలి. సాయంత్రం ఎండ తగ్గాక లీటరు నీటికి 5 మి.లీ. ఘాటులేని ద్రవ సబ్బు కలిపి అడుగుభాగమంతా తడిసేలా పిచికారీ చేయాలి. ముందు ఒక్క కొమ్మకే కొట్టి, మర్నాడు ఆకు మాడలేదని చూసుకోండి. సబ్బుకు గుడ్లు చావవు, అందుకే 4 రోజులకోసారి మూడు విడతలు.

వేపనూనె మొగ్గ విచ్చకముందే వాడాలి. తర్వాతైతే రేకులు మచ్చపడతాయి, దేవుడికి పెట్టే పూలకు ఆ వాసన పడుతుంది. కుండీ మాత్రం ఎండనివ్వకండి, నీళ్లు చాలని మొక్కమీదే నల్లి తొందరగా పెరుగుతుంది.