కారు ఒక పక్కకు లాగుతుంటే: అలైన్‌మెంట్ షాపుకు వెళ్లేలోపు చేయవలసిన పరీక్షలు

తిన్నని రోడ్డు మీద స్టీరింగ్‌పై పట్టు కాస్త సడలించగానే కారు ఎడమకో కుడికో జరగడం మొదలుపెడితే, మనలో చాలామంది చేసే మొదటి పని వీల్ అలైన్‌మెంట్ షాపుకు, అంటే చక్రాల కోణాలను కొలిచి సరిచేసే చోటుకు, వెళ్లడం. డబ్బు కట్టి బయటికి వచ్చాక కూడా కారు అదే పక్కకు లాగుతుంటే, అలైన్‌మెంట్ సరిగా చేయలేదనుకొని మరో షాపు వెతుక్కుంటాం. నిజానికి అలైన్‌మెంట్ ఒక కారణం మాత్రమే. టైర్లలో గాలి తేడా, టైరులోనే ఉన్న లోపం, పట్టుకొని వదలని బ్రేకు, చిరిగిపోయిన బుష్ (చక్రాన్ని మోసే భాగాల కీళ్లలో ఉండే రబ్బరు), ఇవన్నీ డ్రైవరు చేతికి ఒకేలా తెలుస్తాయి. వీటిలో చాలావాటిని ఇంటి ముందే కనిపెట్టవచ్చు. ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టి ఖర్చయ్యే పని వైపు వెళ్లే వరుసను ఇక్కడ వివరిస్తున్నాను. మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను, అంటే ఇంజన్ శక్తి ముందు చక్రాలకు అందే, ముందు డిస్క్ బ్రేకులు, వెనుక డ్రమ్ బ్రేకులు ఉండే కారును దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

లోపం కారుదా, రోడ్డుదా

వాననీరు నిలవకుండా ఉండటానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా వేస్తారు. తారు రోడ్డుకు ఈ వాలు సాధారణంగా 2 నుంచి 2.5 శాతం వరకు ఉంటుంది. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి, ఏ లోపమూ లేని కారు కూడా స్టీరింగ్ వదిలేస్తే నెమ్మదిగా ఎడమకు జరుగుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి లాంటి డివైడర్ ఉన్న రోడ్ల మీద కూడా ఒక్కో వైపు దారి సాధారణంగా బయటి అంచుకే వాలి ఉంటుంది. అందువల్ల ఎడమకు కొద్దిగా జరగడాన్ని చూసి కంగారు పడనక్కరలేదు. అదే రోడ్డు మీద కారు వాలుకు ఎదురెక్కి కుడికి లాగుతుంటే మాత్రం లోపం తప్పకుండా కారులోనే ఉందని అనుకోవచ్చు.

అనుమానం తీరాలంటే ఖాళీగా ఉన్న పెద్ద సిమెంటు ఆవరణ ఒకటి చూసుకోండి. గాలి బలంగా వీచని వేళ, గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో ఒక చివర నుంచి రెండో చివరకు నడిపి, అదే గీత మీద వెనక్కి తిరిగి రండి. చేతులు పూర్తిగా తీసేయకుండా, స్టీరింగ్‌ను వేళ్లతో తాకీ తాకనట్టు ఉంచండి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కారు ఒకే ప్రహరీ గోడ వైపు జరిగితే అది నేల వాలు. రెండుసార్లూ కారుకు ఎడమకే జరిగితే, లేదా రెండుసార్లూ కుడికే జరిగితే, అది కారు లోపం.

ఎప్పుడు లాగుతోందో ముందు గమనించండి

మెకానిక్‌కు "పక్కకు లాగుతోంది" అని మాత్రమే చెబితే అతను కూడా ఊహించి పని మొదలుపెట్టవలసి వస్తుంది. సమానమైన వేగంతో వెళుతున్నప్పుడు ఎప్పుడూ ఒకే పక్కకు లాగితే గాలినీ, టైర్లనూ, అలైన్‌మెంట్‌నూ అనుమానించాలి. బయలుదేరినప్పుడు బాగానే ఉండి, కొన్ని కిలోమీటర్లు నడిచాక లాగడం మొదలై క్రమంగా పెరిగితే బ్రేకు పట్టేస్తోందని అర్థం. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగితే అది దాదాపు ఎప్పుడూ బ్రేకుల సమస్యే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక పక్కకు, పాదం తీసినప్పుడు లేదా బ్రేకు వేసినప్పుడు రెండో పక్కకు జరిగితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు నుంచి కారుకు కలిపే కడ్డీ) బుష్ చిరిగి, చక్రం ముందుకూ వెనక్కూ కదులుతూ ఉండవచ్చు. ఎటు మలుపు తిరిగితే ఆ తర్వాత అటే లాగుతూ, స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాకపోతే స్ట్రట్ (ముందు చక్రం మీద స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఉండే నిలువు భాగం) పైన ఉండే బేరింగో స్టీరింగ్ జాయింటో బిగిసిపోయిందన్నమాట. స్టీరింగ్ వణకడం మాత్రం వేరే సంగతి. దానికి చూడవలసింది వీల్ బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందా లేదా అన్నది.

బ్రేకు తొక్కగానే కారు గట్టిగా పక్కకు గుంజుతుంటే ఈ పరీక్షలేవీ చేస్తూ కూర్చోకండి. ఆ కారును నడపకుండా మెకానిక్‌ను ఇంటికి పిలిపించండి. నడుస్తున్న కారు హఠాత్తుగా ఒక పక్కకు బలంగా లాగితే టైరు పంక్చరై ఉండవచ్చు కనుక, స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, బ్రేకు ఒక్కసారిగా తొక్కకుండా, యాక్సిలరేటర్ వదిలేసి వేగం తగ్గాక పక్కకు ఆపండి.

గాలి

ఉదయం, కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక, నాలుగు టైర్లలో గాలిని ఒకే గేజ్‌తో చూడండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. చిన్న కార్లకు అది 30 పీఎస్‌ఐకి (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) కొద్దిగా అటూ ఇటూగా ఉంటుంది. ముందు టైర్లలో ఒకదానిలో గాలి నాలుగైదు పీఎస్‌ఐ తగ్గినా ఆ టైరు బరువుగా దొర్లుతూ కారును తన వైపుకు లాగుతుంది. దూరం నడిచి వేడెక్కిన టైరులో గాలి నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపించడం సహజం కాబట్టి అప్పుడు గాలి తీసేయకండి. ప్రతి వారం ఒకే టైరులో తగ్గుతుంటే సన్నటి మేకో, వాల్వో కారణమై ఉంటుంది. వాల్వ్ మీద సబ్బునీళ్లు వేసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

టైర్లు

అందరూ వదిలేసేదీ, నా అనుభవంలో ఎక్కువ ప్రయోజనం ఇచ్చేదీ ఈ పరీక్షే. రేడియల్ టైరు లోపలి ఉక్కు తీగల పొర సరిగ్గా మధ్యలో కాకుండా రవ్వంత పక్కకు జరిగి ఉంటే, బయటికి ఎంత కొత్తగా కనిపించినా ఆ టైరు తిన్నగా దొర్లదు. స్టీలు గ్లాసును నేల మీద పడుకోబెట్టి దొర్లిస్తే అది తిన్నగా పోకుండా సన్నటి అడుగు వైపు తిరుగుతుంది కదా, ఇదీ అలాంటిదే. ఈ లోపం అలైన్‌మెంట్ యంత్రానికి కనిపించదు. ఆ యంత్రం కొలిచేది చక్రాలు ఉన్న కోణాలను మాత్రమే, టైరు లోపలి నిర్మాణాన్ని కాదు.

పరీక్ష తేలిక. ముందున్న రెండు చక్రాలను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి అదే ఆవరణలో మళ్లీ నడపండి. లాగే దిక్కు మారితే దోషం టైరుది. దిక్కు మారకపోతే టైర్లు నిర్దోషులు. ఒక్క జాకీతో ఈ మార్పిడి ఎలాగన్న సందేహం రావచ్చు. ఎడమ చక్రం విప్పి ఆ చోట స్టెప్నీ బిగించి కారును దించండి. కుడి చక్రం విప్పి అక్కడ ఎడమ చక్రాన్ని బిగించండి. చివరగా స్టెప్నీ తీసి కుడి చక్రాన్ని ఎడమకు బిగించండి. ఓపిక లేకపోతే పంక్చర్ షాపులో పావుగంట పని. టైరు పక్క గోడ మీద తిరగవలసిన దిక్కును చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం ఎడమా కుడీ మార్చకూడదు. అప్పుడు ఒకే పక్కనున్న ముందు చక్రాన్నీ వెనుక చక్రాన్నీ మార్చి, లాగడం తగ్గిందో లేదో చూడండి.

చక్రం విప్పే ముందు కారును సమతలం మీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచి, ఎత్తే చక్రానికి ఎదురు మూలనున్న చక్రానికి రెండు వైపులా చెక్క దిమ్మెలో రాళ్లో పెట్టండి. నట్లను కారు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయండి. జాకీ మీద నిలిచిన కారు కిందికి చేయి గానీ తల గానీ పెట్టకండి; పడిపోయిన వస్తువు తీసుకోవడానికి కూడా పెట్టకండి. బిగించేటప్పుడు నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరోసారి స్పానర్ వేసి చూడండి.

ఒక వానాకాలంలో మా కారు నీళ్లు నిండిన గుంతలో పడ్డాక ఎడమకు లాగడం మొదలైంది. రెండు చోట్ల అలైన్‌మెంట్ చేయించాం, రెండు చోట్లా యంత్రం అంకెలన్నీ ఆకుపచ్చ రంగులోనే, అంటే హద్దులోనే ఉన్నట్టు చూపించింది, కారు మాత్రం లాగడం మానలేదు. చివరకు పంక్చర్ షాపులో ముందు చక్రాలు అటూ ఇటూ మార్పించగానే కుడికి లాగింది. విప్పి చూస్తే ఒక టైరు లోపలి వైపు గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు కనిపించింది. బయటి నుంచి చూస్తే తెలియని చోటు అది. అలా ఉబ్బిన టైరు ఎప్పుడైనా పగలవచ్చు కాబట్టి దాన్ని వెనక్కి మార్చి సరిపెట్టుకోకూడదు, తీసేయాలి. ఉబ్బు లేకుండా కేవలం పక్కకు లాగే టైరైతే వెనుక చక్రానికి వేసుకోవచ్చు. అక్కడ దాని ప్రభావం బాగా తగ్గుతుంది.

ముందు రెండు చక్రాలకు వేర్వేరు కంపెనీల టైర్లు ఉన్నా, ఒకటి కొత్తదీ ఒకటి అరిగినదీ అయినా కారు లాగవచ్చు. చాలా కార్లలో స్టెప్నీ మిగతా చక్రాల కంటే చిన్న సైజులో ఇస్తున్నారు. పంక్చరైనప్పుడు దాన్ని ముందు బిగించి, మరచిపోయి వారాల తరబడి తిరిగేవారిని చూశాను. చిన్న చక్రం ఉన్న వైపుకు కారు లాగడం సహజమే.

బ్రేకులు

పది కిలోమీటర్లు వీలైనంత తక్కువగా బ్రేకు వాడుతూ నడిపి, చివరలో నెమ్మదిగా ఆగండి. దిగి ఒక్కో చక్రం మధ్యభాగానికి దగ్గరగా, తాకకుండా, అరచేతి వెనుక భాగాన్ని ఉంచి చూడండి. ముందు రెండింటిలో ఒకటి మాత్రమే సెగలు కక్కుతుంటే, కాలిన వాసన కూడా వస్తుంటే, ఆ బ్రేకు వదలడం లేదు; కారు లాగేదీ ఆ పక్కకే. క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగం) జరిగే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకోవడం, ప్యాడ్లను నెట్టే పిస్టన్ వెనక్కి రాకపోవడం, బ్రేకు గొట్టం లోపల ఉబ్బి నూనెను వెనక్కి రానివ్వకపోవడం దీనికి కారణాలు. పిన్నులే కారణమైతే శుభ్రం చేసి గ్రీజు పెడితే సరిపోతుంది కానీ, అది బ్రేకుల కోసం తయారైన గ్రీజే కావాలి. మామూలు గ్రీజు రబ్బరు తొడుగులను ఉబ్బిస్తుంది, కొన్నాళ్లకు పిన్నులు మళ్లీ పట్టేస్తాయి.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే కారు ఎడమకు లాగుతుంటే, అనుమానించవలసింది ఎక్కువసార్లు కుడి బ్రేకును. అది సరిగా పట్టకపోవడం వల్ల ఎడమ బ్రేకు ఒక్కటే పని చేస్తూ కారును తన వైపుకు తిప్పుతుంది. ఆ కుడి ప్యాడ్ల మీద నూనె పడిందేమో, పిస్టన్ బిగుసుకుందేమో చూడమని మెకానిక్‌తో చెప్పండి. ప్యాడ్లు మార్చవలసి వస్తే రెండు పక్కలా ఒకేసారి మార్పించండి.

వదులైన భాగాలు

ముందు చక్రాన్ని జాకీతో పైకి లేపి, గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట్ల రెండు చేతులతో పట్టుకొని ఊపండి. లటలటలాడితే వీల్ బేరింగో, లోయర్ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింటో అరిగింది. 9, 3 అంకెల చోట పట్టుకొని ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి కీలు) అరిగి ఉంటుంది. బుష్‌లు చూడాలంటే కారును లిఫ్ట్ మీదికి ఎక్కించాలి కాబట్టి అది గ్యారేజీలోనే సాధ్యం. బుష్‌లు మార్చేటప్పుడు ఒక సంగతి పట్టుబట్టి చేయించండి: లోయర్ ఆర్మ్ బుష్ బోల్టును చక్రాలు గాలిలో వేలాడుతుండగా కాకుండా, కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరిగా బిగించాలి. లేకపోతే రబ్బరు మెలి తిరిగి ఉండిపోయి త్వరగా చిరిగిపోతుంది.

అన్నీ అయ్యాక అలైన్‌మెంట్

వదులైన భాగాల మీద చేసిన అలైన్‌మెంట్ మరుసటి గుంత దాకానే నిలుస్తుంది. అందుకే దీన్ని చివరన పెట్టాను. షాపులో నాలుగు చక్రాలకూ సెన్సర్లు బిగించమనండి. వెనుక చక్రాలు వంకరగా ఉంటే, ముందు వాటిని ఎంత సరిచేసినా స్టీరింగ్ ఒక పక్కకు తిప్పి పట్టుకుంటేనే కారు తిన్నగా వెళుతుంది. పని మొదలుపెట్టే ముందున్న కొలతలూ, తర్వాతి కొలతలూ రెండూ ప్రింటు తీసి ఇవ్వమని అడగండి.

ఆ కాగితంలో చూడవలసింది రెండు పక్కల మధ్య తేడాను. చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడాన్ని క్యాంబర్ అంటారు. పైభాగం బయటికి ఎక్కువ వాలిన చక్రం వైపుకు కారు లాగుతుంది. స్ట్రట్ ముందుకో వెనక్కో వాలడాన్ని క్యాస్టర్ అంటారు. అది తక్కువ ఉన్న వైపుకు కారు లాగుతుంది. ఈ రెండింటిలో దేనిలోనైనా ఎడమకూ కుడికీ అర డిగ్రీకి మించి తేడా ఉంటే కారణం దొరికినట్టే. క్యాస్టర్ కొలవాలంటే స్టీరింగ్‌ను రెండు వైపులా తిప్పించాలి. తిప్పించలేదంటే కొలవలేదని అర్థం. షాపుల్లో ఎక్కువగా సరిచేసేది టో, అంటే చక్రాల ముందంచులు దగ్గరగానో దూరంగానో ఉండటం. ముందు చక్రాల టో తప్పితే టైర్లు త్వరగా అరుగుతాయి, స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, కానీ కారు ఒక పక్కకు లాగడం అరుదు. టో మాత్రమే సరిచేయించుకొన్నవారి కారు లాగడం మానకపోవడానికి కారణం ఇదే.

చిన్న కార్లలో క్యాస్టర్‌ను సరిచేసే ఏర్పాటు చాలావాటికి ఉండదు, క్యాంబర్‌ను కూడా కొద్దిగా మాత్రమే సరిచేయవచ్చు. అంకెలు హద్దులోకి రావడం లేదంటే స్ట్రట్, లోయర్ ఆర్మ్, లేదా చక్రాన్ని మోసే భాగం ఎక్కడో వంగిందన్నమాట. జాకీ లాంటి పరికరంతో స్ట్రట్‌ను వంచి అంకెలు రప్పిస్తామంటే ఒప్పుకోకండి. మీ ప్రాణం ఆ ఉక్కు మీద ఆధారపడి ఉంది. ఒకసారి వంగినదాన్ని మళ్లీ వంచితే అది బలహీనమవుతుంది. వంగిన భాగాన్ని మార్పించి, మళ్లీ కొలతలు తీయించి, మొదట పరీక్షించిన అదే ఆవరణకు వెళ్లి అటూ ఇటూ ఒకసారి నడిపి చూసుకోండి.