పిచింగ్ చేసే పిల్లల మోచెయ్యి దెబ్బతినకుండా ఎలా చూసుకోవాలి?

అమెరికాలో మన తెలుగు పిల్లలు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ బాగానే ఆడుతున్నారు. క్రికెట్ చూస్తూ పెరిగిన మన తండ్రులు మాత్రం పిచింగ్ (బ్యాటర్‌కి బంతి విసరడం) కూడా బౌలింగ్ లాంటిదే అనుకుంటారు. కాదు. బౌలర్ చెయ్యి దాదాపు నిటారుగా తిరుగుతుంది. పిచర్ మోచెయ్యి వంచి, వెనక్కి లాగి, కొరడా ఝళిపించినట్టు విసురుతాడు. ఆ లాగుడంతా మోచేతి లోపలి వైపు పడుతుంది. పిల్లల్లో అక్కడి ఎముక చివర ఇంకా గట్టిపడదు కాబట్టి ముందు దెబ్బతినేది అదే. దాన్నే లిటిల్ లీగ్ ఎల్బో అంటారు (లిటిల్ లీగ్ అంటే పిల్లల బేస్‌బాల్ సంస్థ). డాలస్ దగ్గర ఎనిమిది సీజన్లుగా స్కోరు రాస్తున్నాను. ఏటా అదే తప్పు చూస్తున్నాను: పిల్లాడు మొత్తం ఎన్ని బంతులు విసిరాడో ఎవరూ లెక్క పెట్టరు.

1. సామాను
హెల్మెట్ పెట్టుకుని తల ఊపితే కదలకూడదు. క్లీట్స్ (కింద ముళ్లుండే బూట్లు) రబ్బరువి కొనండి. సాఫ్ట్‌బాల్ ఇన్‌ఫీల్డ్‌లో (బ్యాటర్‌కి దగ్గరి మైదానంలో) ఆడే అమ్మాయికి ఫేస్ మాస్క్ ఉండి తీరాలి. కాలు తగిలితే ఊడిపోయే బేస్‌లు (పరుగెత్తి తాకే దిండ్లు) ఉన్నాయో లేదో లీగ్ వాళ్లను అడగండి. ఇంతకు మించి అక్కర్లేదు.

2. వార్మప్
చెమట పట్టాకే బంతి ముట్టుకోవాలి. పది నిమిషాలు పరుగు, ఆ తర్వాత ముప్పై అడుగుల దూరం నుంచి మెల్లగా విసరడం మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా వెనక్కి జరగాలి.

3. లెక్క
మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అని నియమాలు పెట్టాయి. రోజుకు 9–10 ఏళ్ల వాళ్లు 75 పిచ్‌లు (బ్యాటర్‌కి విసిరే బంతులు), 11–12 ఏళ్ల వాళ్లు 85, 13–14 ఏళ్ల వాళ్లు 95 దాటకూడదు. 14 ఏళ్ల వరకు ఉన్నవాళ్లు 21–35 పిచ్‌లు వేస్తే ఒక రోజు, 36–50కి రెండు రోజులు, 51–65కి మూడు, 66 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి తీసుకోవాలి.

ఈ అంకెలు అందరికీ తెలుసు. చిక్కంతా రెండు టీముల దగ్గర వస్తుంది. శనివారం పొద్దున లీగ్ మ్యాచ్‌లో 45, సాయంత్రం ట్రావెల్ టీమ్‌కి (వేరే ఊళ్లకు వెళ్లి ఆడే జట్టుకి) 50. ఏ టీమ్ స్కోరు పుస్తకం చూసినా తప్పు కనపడదు. పన్నెండేళ్ల పిల్లాడి చెయ్యి మాత్రం 95 పిచ్‌లు వేసింది. మధ్యలో బుల్‌పెన్‌లో (పిచర్లు సాధన చేసే చోట) వేసినవి ఎవరూ రాయరు. ఈ మొత్తం తెలిసేది ఇంట్లో వాళ్లకే. కాబట్టి లెక్క మీరే రాయాలి, అదీ కాగితం మీద. యాప్ వద్దు. ఫోన్ మోగుతుంది, మాట్లాడుతుంటే నాలుగు పిచ్‌లు పోతాయి. చిన్న నోట్‌బుక్, నాలుగు గీతలు, ఐదోది అడ్డగీత. బుల్‌పెన్‌వీ కలపండి. పరిమితికి పదిహేను ముందే ఆపించండి.

41 పిచ్‌లు వేసినవాడు ఆ రోజు క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా) ఆడకూడదని లిటిల్ లీగ్ నియమం. నేనైతే ఇరవై వేసినా ఒప్పుకోను. క్యాచర్ కూడా ప్రతి బంతినీ తిరిగి విసరాల్సిందే కదా.

ఇక అసలు కష్టం ఇక్కడుంది: లెక్క సరిగ్గా ఉన్నా చెయ్యి అలిసిపోవచ్చు, పిల్లలు ఆ సంగతి చెప్పరు. "చెయ్యి నొప్పిగా ఉందా?" అని అడగకండి. లేదనే అంటారు. మా వాడికి పదకొండేళ్లప్పుడు ఒక ఆదివారం పొద్దున ఎడమ చేత్తో దోసె తుంచుకుంటున్నాడు. "కుడి చేత్తో తినరా" అని వాళ్ల బామ్మ గసిరింది. నేనూ గదిమాను. కుడి చేత్తో రెండుసార్లు తుంచబోయి మానేశాడు. అప్పుడు మోచేతి లోపలి వైపున్న ఎముక బుడిపె మీద బొటనవేలితో నొక్కితే ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. రెండు వారాలుగా దాచాడట. టీమ్‌లోంచి తీసేస్తారని వాడి టెన్షన్.

అందుకే అడగడం కాదు, చూడాలి. మ్యాచ్ మర్నాడు అరచేతులు పైకి పెట్టి రెండు చేతులూ చాపమనండి. ఒకటి పూర్తిగా చాచుకోకపోతే ఆ వారం పిచింగ్ లేదు. బుడిపె నొక్కి చూడండి. మ్యాచ్‌లో బంతులు వరసగా పైకి పోతున్నా, మోచెయ్యి కిందికి జారుతున్నా, పిచ్‌కీ పిచ్‌కీ మధ్య చెయ్యి విదిలిస్తున్నా లేచి వెళ్లి కోచ్‌కి చెప్పండి. "ఇంకొక్క ఇన్నింగ్స్" అంటారు. ఒప్పుకోకండి. కోచ్ మొహం మాడ్చుకున్నా పర్వాలేదు. నొప్పి మాత్ర వేసి ఆడించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆపమని చెప్పే ఆ ఒక్క నొప్పినీ అణిచేసినట్టవుతుంది.

సాఫ్ట్‌బాల్‌లో చెయ్యి కింది నుంచి వస్తుంది కాబట్టి ఏమీ కాదంటారు. చెయ్యిని గుండ్రంగా తిప్పి విసిరే ఆ విండ్‌మిల్ తిప్పుడుకి భుజం ముందు భాగం, బైసెప్స్ బాగా లాగుతాయి. చాలా లీగుల్లో పిచ్‌ల పరిమితే లేదు. అమ్మాయికీ అదే నోట్‌బుక్ పెట్టండి.

4. సెలవు
ఏడాదికి నాలుగు నెలలు బంతి విసరకూడదు, అందులో కనీసం రెండు నెలలు వరసగా. ఏడాదిలో 100 ఇన్నింగ్స్ దాటి పిచింగ్ చేసిన పిల్లలకు తీవ్రమైన గాయం ముప్పు మూడున్నర రెట్లు ఉందని 2011లో వచ్చిన అధ్యయనం చెప్పింది. టెక్సస్‌లో చలి తక్కువ కాబట్టి ఆట ఆగదు, మనమే ఆపాలి. మా ఇంట్లో డిసెంబర్, జనవరి, మళ్లీ జూలై, ఆగస్టు గ్లవ్ గరాజ్‌లోనే ఉంటుంది. ఈత, బాస్కెట్‌బాల్ ఆడుకుంటారు.

5. నొప్పి వస్తే
విసరడం ఆ రోజే ఆపండి. పిల్లల స్పోర్ట్స్ డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించండి. లిటిల్ లీగ్ ఎల్బో అని తేలితే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు బంతి పట్టనివ్వరు. తర్వాత కూడా ముప్పై అడుగుల దగ్గరే మొదలు. నొప్పి లేకపోతేనే ఇంకొంచెం వెనక్కి. మౌండ్ (పిచర్ నిలబడి విసిరే దిబ్బ) ఎక్కడం అన్నిటికంటే ఆఖర్న.