ట్యూబు కఫ్ లీకవుతోందా? గాలి నింపే ముందు చూడాల్సినవి

ఈటీ ట్యూబుకైనా (నోటి ద్వారా శ్వాసనాళంలోకి వేసేది), ట్రాకియాస్టమీ ట్యూబుకైనా (మెడ ముందు రంధ్రం చేసి వేసేది) చివర ఉండే కఫ్, అంటే గాలి నింపే చిన్న తిత్తి, రెండు పనులు చేస్తుంది. వెంటిలేటర్ పంపిన గాలి పక్కనుంచి పైకి తప్పించుకోకుండా ఆపుతుంది, గొంతులో చేరిన లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారకుండా వీలైనంత అడ్డుకుంటుంది. లీకు చప్పుడు వినగానే చెయ్యి సిరంజీ మీదికి పోవడం వార్డులో మామూలు. 2 మి.లీ. కొడితే చప్పుడు ఆగుతుంది. గంటకు మళ్ళీ మొదలైతే మరో 2 మి.లీ. ఇలా మూడు షిఫ్టులు గడిస్తే కఫ్‌లో ఎంత గాలి ఉందో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ ఉండరు, లీకుకు అసలు కారణం మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఇక్కడ ప్రతి సమస్యలోనూ ముందు చూసేది గాలి ఎటు పోతోందనే. ఇదంతా పెద్దవాళ్ళ ట్యూబుల గురించి.

మొదట ప్రాణం, తర్వాత కఫ్

రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ పడిపోతున్నా, ఛాతీ లేవకపోయినా కారణం వెతుకుతూ కూర్చోకండి. సాయానికి పిలిచి, వెంటిలేటర్ నుంచి విడదీసి చేత్తో నొక్కే ఆంబు బ్యాగ్‌తో 100 శాతం ఆక్సిజన్ ఇవ్వండి. కఫం లాగే సక్షన్ కెథెటర్ ట్యూబులోంచి సాఫీగా దిగుతోందా చూడండి. దిగకపోతే అది లీకు సమస్య కాదు. ట్యూబు మూసుకుపోయింది, లేదా ఉండాల్సిన చోట లేదు. ట్రాకియాస్టమీకి లోపలి కాన్యులా ఉంటే వెంటనే తీసి చూడండి. కొత్త ట్రాకియాస్టమీ, అంటే వారం లోపలిది, ఊడినట్టు అనిపిస్తే గుడ్డిగా వెనక్కి తొయ్యకూడదు. దారి ఇంకా గట్టిపడి ఉండదు కాబట్టి ట్యూబు చర్మం కింది కణజాలంలోకి పోతుంది. పై దారి (ముక్కు, నోటి నుంచి శ్వాసనాళం దాకా) తెరిచే ఉన్న రోగికి నోటి మీద మాస్కుతో శ్వాస ఇస్తూ, నోటి ద్వారా ట్యూబు వేయగల డాక్టరును రప్పించాలి.

ఎంత ప్రెషర్

20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ప్రెషర్. 25 దగ్గర నిలపడం మంచి అలవాటు. 30 దాటేకొద్దీ శ్వాసనాళం లోపలి పొరకు రక్తం తగ్గుతుంది. ఎండోస్కోపీతో చూసిన 1984 నాటి అధ్యయనంలో 50 దగ్గర ఆ రక్త ప్రసరణ ఆగిపోవడం కనిపించింది. పుండు, తర్వాత నాళం సన్నబడటం, ఇంకా ముదిరితే అన్నవాహికలోకి రంధ్రం, అన్నీ ఇక్కడ మొదలయ్యేవే. 20 కంటే తగ్గితే లాలాజలం కిందికి జారి న్యుమోనియా ముప్పు పెరుగుతుంది. 25 దగ్గర ఉన్నా కఫ్ ముడతల సందుల్లోంచి కొంత జారుతూనే ఉంటుంది. అందుకే తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం, నోరు శుభ్రం చేయడం, కఫ్ పైనుంచి సక్షన్ చేయడం మానకూడదు.

పైలట్ బెలూన్‌ను (సన్న గొట్టంతో కఫ్‌కు కలిసి బయట ఉండే చిన్న బుడగ) వేళ్ళతో నొక్కి ప్రెషర్ అంచనా వేయొద్దు. అనుభవం ఉన్న చేతులూ ఇందులో తప్పుతాయి. ప్రెషర్ కొలిచే కఫ్ మానోమీటర్ ఉండాలి. ప్రతి షిఫ్టులో ఒకసారి, ఆపైన రోగిని తిప్పినప్పుడు, స్కాన్‌కు తీసుకెళ్ళి తెచ్చినప్పుడు, ఆపరేషన్ నుంచి వచ్చినప్పుడు చూడాలి. మత్తులో నైట్రస్ ఆక్సైడ్ వాడితే అది కఫ్‌లోకి చొరబడి ప్రెషర్ పెంచుతుంది. విమాన అంబులెన్సులో పైకి వెళ్ళేకొద్దీ కఫ్‌లోని గాలి వ్యాకోచిస్తుంది, దిగేటప్పుడు తగ్గుతుంది. రెండుసార్లూ సరిచేయాలి.

మానోమీటర్ కలిపినప్పుడల్లా కొంత గాలి దాని గొట్టంలోకి పోతుంది, కాబట్టి చూడటం వల్లే ప్రెషర్ కాస్త పడుతుంది. కలిపి ఉంచే 25కు పైన, 30 లోపల నిలిపి, చటుక్కున లాగి తీయండి.

కొన్ని చోట్ల మానోమీటర్ లేక బీపీ యంత్రం డయల్‌ను త్రీవేతో (మూడు దారుల చిన్న కుళాయి) కలిపి చూస్తారు. ఆ డయల్ చూపేది మిల్లీమీటర్ల పాదరసం. అందులో 15 నుంచి 22 మధ్య ఉండాలి. అలవాటు కొద్దీ ఆ డయల్‌పై 30కి పెడితే కఫ్‌లో నిజంగా ఉండేది దాదాపు 41 సెంటీమీటర్ల నీటి ప్రెషర్.

గొంతులో గరగర, పైలట్ బెలూన్ మెత్తగా ఉంది

రోగి గొంతు వినబడుతుంది, నోట్లో బుడగలు వస్తాయి. వెంటిలేటర్‌లో 450 మి.లీ. పంపితే వెనక్కి 320 వస్తుంది. వాల్యూమ్ గీత సున్నాకు దిగకుండా మధ్యలోనే ఆగుతుంది. కారణం చాలాసార్లు గాలి తక్కువ కావడమే. ముందు నోట్లోది, కఫ్ పైన నిలిచినది సక్షన్ చేయండి, తర్వాత ప్రెషర్ చూడండి.

మానోమీటర్ చేతికి అందేదాకా స్టెతస్కోపుతో నెట్టుకురావచ్చు. మెడ మీద శ్వాసనాళం పక్కన పెట్టి వింటూ, వెంటిలేటర్ గాలి పంపేటప్పుడు 0.5 మి.లీ. చొప్పున నింపుతూ, శబ్దం ఆగిన చోట ఆపండి. ఎన్ని మి.లీ. పట్టిందో రాసి పెట్టండి. మామూలుగా 5 నుంచి 10 మి.లీ. లోపు సరిపోతుంది. నిన్న 6 పట్టిన చోట ఇవాళ 12 పడితే ఏదో మారిందన్నమాట.

నింపుతారు, కాసేపటికి మళ్ళీ ఖాళీ

లోపం మూడు చోట్ల ఉండొచ్చు: సిరంజీ తగిలించే వాల్వ్, పైలట్ బెలూన్ నుంచి ట్యూబు దాకా ఉన్న సన్న గొట్టం, కఫ్. ట్యూబు మార్చాలని పరుగెత్తే ముందు ఎక్కడో తేల్చుకోండి. మొదటి రెండు చోట్లయితే ట్యూబు పీకకుండానే గట్టెక్కవచ్చు.

వాల్వ్ నోటి మీద ఒక చుక్క స్టెరైల్ నీరు వేసి చూడండి. బుడగ లేస్తే వాల్వే. లేవకపోతే 25కు నింపి, సన్న గొట్టాన్ని ట్యూబుకు దగ్గరగా, గాజుగుడ్డ చుట్టిన ఆర్టరీ ఫోర్సెప్స్‌తో మెల్లగా నొక్కి పట్టండి. కొన్ని నిమిషాల్లో బెలూన్ మెత్తబడినా గొంతులో లీకు రాకపోతే లోపం బెలూన్ వైపు ఉంది. నొక్కి ఉంచినా లీకు తిరిగి వస్తే కఫ్ చిరిగినట్టే.

వాల్వ్ పాడైతే దాని నోటికి త్రీవే బిగించి, దాని ద్వారా నింపి, త్రీవేను కఫ్ వైపు మూసేయండి. వాల్వ్ పాడవడానికి తరచుగా కనిపించే కారణం సిరంజీని దానికే తగిలించి వదిలేయడం. సిరంజీ మొన లోపలి వాల్వ్‌ను నొక్కి తెరిచే ఉంచుతుంది, పిస్టన్ వెనక్కి జరిగి గాలి కారిపోతుంది. నింపగానే సిరంజీ తీసేయాలి.

సన్న గొట్టం తెగితే (ట్యూబు కట్టు మార్చేటప్పుడు కత్తెర తగలడం మామూలు, రోగి కొరకడం కూడా) 22 గేజి ఐవీ కాన్యులా, త్రీవే, 10 మి.లీ. సిరంజీ తీసుకోండి. చివరను తిన్నగా కత్తిరించి, కాన్యులాను గొట్టంలోకి సెంటీమీటరు మేర మెల్లగా దూర్చి సూది తీసేయండి. సూది గొట్టం గోడలోంచి బయటికి పొడుచుకు రాకూడదు, వస్తే అక్కడ మరో లీకు. త్రీవే తగిలించి, ప్రెషర్ చూస్తూ నింపి మూసి, టేపుతో బోర్డుకు అంటించండి. ఇది ట్యూబు మార్చేదాకా గడిపే ఏర్పాటు మాత్రమే, డాక్టరుకు చెప్పి చేయాల్సింది.

కఫే చిరిగితే అతుకు లేదు. వెంటిలేటర్ సెట్టింగులు సర్దుతూ డాక్టరు కాసేపు నెట్టుకురావచ్చు, కానీ ట్యూబు మార్చాలి. ట్యూబు వేయడం కష్టమైన గొంతు అయితే అనస్థీషియా డాక్టరు ఎక్స్‌ఛేంజ్ కెథెటర్ (పాత ట్యూబులోంచి దూర్చే పొడవైన సన్న గొట్టం) మీదుగా మారుస్తారు. వేసే ముందే కఫ్ నింపి చూసుకోవడం, వేసేటప్పుడు పళ్ళకూ మాగిల్ ఫోర్సెప్స్‌కూ తగలకుండా చూడటం అవసరం. లిగ్నోకెయిన్ స్ప్రే పీవీసీ కఫ్‌కు సన్న రంధ్రాలు చేయగలదు. వాజలైన్ వంటివి వద్దు, నీటిలో కరిగే జెల్లీ వాడండి.

బెలూన్ గట్టిగానే ఉంది, అయినా లీకు

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు పడేది ఇక్కడే. ఈటీ ట్యూబు పైకి జరిగి కఫ్ స్వరతంతువుల మధ్య ఇరుక్కుంటే ఇలా ఉంటుంది. ఇంకా గాలి కొడితే కఫ్ ఉబ్బి ట్యూబును మరింత పైకి నెడుతుంది, చివరికి ఊడిపోతుంది. సిరంజీ పక్కన పెట్టి, పళ్ళ దగ్గర ట్యూబు మీది గుర్తు చూడండి. ఆడవాళ్ళలో సుమారు 21, మగవాళ్ళలో 23 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ముందు రాసిపెట్టిన అంకెతో పోల్చండి. మెడ వెనక్కి వాల్చినప్పుడు ట్యూబు పైకి, ముందుకు వంచినప్పుడు కిందికి ఇంచుమించు 2 సెంటీమీటర్లు జరుగుతుంది. ఎక్స్‌రేలో చివర కారైనాకు (శ్వాసనాళం రెండుగా చీలే చోటు) 3 నుంచి 5 సెంటీమీటర్ల పైన ఉండాలి. పైకి వచ్చి ఉంటే, డాక్టరు లారింగోస్కోపుతో చూస్తూ, కఫ్ ఖాళీ చేసి ముందుకు తోయాలి. కఫ్ నిండి ఉండగా తోయకూడదు, చూడకుండా తోయకూడదు.

ట్రాకియాస్టమీలో ట్యూబు రెక్క చర్మం నుంచి లేచిందా, వెంటిలేటర్ గొట్టాల బరువు ఒక పక్కకు లాగుతోందా చూడండి. రోగిని ఎడమకు తిప్పినప్పుడే లీకు వస్తే గొట్టాలకు ఆనుడు పెట్టండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. మెడ లావుగా ఉన్నవాళ్ళకు మామూలు ట్యూబు పొడవు చాలదు, పొడవైనది కావాలి. ముక్కు నుంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు పొరపాటున శ్వాసనాళంలోకి దిగి కఫ్ పక్కన ఉన్నా గాలి ఆ సందులోంచి కారుతుంది. అలాంటప్పుడు ఫీడ్ ఆపి ఎక్స్‌రే తీయించాలి.

మెడ దగ్గర శబ్దమే లేదు, వాల్యూమ్ మాత్రం తగ్గుతోంది

కఫ్‌ను ముట్టుకోకండి. వెంటిలేటర్ గొట్టాల్లో వాటర్ ట్రాప్ మూత, నెబ్యులైజర్ టీ, క్లోజ్డ్ సక్షన్ పోర్టు, ఫిల్టర్ జాయింటు ఒక్కొక్కటిగా చేత్తో బిగించి చూడండి. ఛాతీలోంచి గాలి, ద్రవం బయటికి తీసే ఐసీడీ గొట్టం ఉండి బాటిల్‌లో ప్రతి శ్వాసకూ బుడగలొస్తుంటే గాలి ఊపిరితిత్తి నుంచే పోతోంది.

30 దాటితేగాని లీకు ఆగదు

ట్యూబు సైజు చిన్నదై ఉండొచ్చు, చాలా రోజుల కఫ్ ఒత్తిడికి నాళం వెడల్పయి ఉండొచ్చు, ఊపిరితిత్తులు బిగుసుకుని పీక్ ప్రెషర్ (వెంటిలేటర్ గాలి పంపేటప్పుడు చేరే గరిష్ఠ ఒత్తిడి) ఎక్కువై ఉండొచ్చు. 35, 40 పెట్టి సరిపెట్టుకోవడం పుండును పెంచడమే. సైజు మార్చాలా, కఫ్ మరో చోట కూర్చునేలా పొడవైన ట్యూబు వేయాలా అన్నది ఈఎన్‌టీ లేదా ఐసీయూ డాక్టరు చూసి తేల్చాలి.

కఫ్ నింపాక పీక్ ప్రెషర్ అలారం

నింపిన వెంటనే ఊపిరితిత్తుల్లోకి గాలి పోవడం ఆగి, సక్షన్ కెథెటర్ దిగకపోతే, ఉబ్బిన కఫ్ జారి ట్యూబు చివరను కప్పేసి ఉండొచ్చు. కఫ్ గాలి తీసేయండి. వెంటనే ఊరట వస్తే కారణం అదే, ఆ ట్యూబు మార్చాలి.

గాలి లాగినా రావడం లేదు

ట్యూబు కట్టు కింద సన్న గొట్టం నొక్కుకుపోవడం, మెలిపడటం చూడండి. సిరంజీ మొన గట్టిగా తిప్పి మరోసారి లాగండి. అప్పటికీ రాకపోతే, నిండిన కఫ్‌తో ట్యూబును లాగితే స్వరతంతువులు దెబ్బతింటాయి, డాక్టరు రావాల్సిందే.

అన్ని కఫ్‌లూ గాలివి కావు

కొన్ని సిలికాన్ ట్యూబుల్లో, ఉదాహరణకు బివోనా టీటీఎస్‌లో, స్టెరైల్ నీరు నింపాలి. సిలికాన్‌లోంచి గాలి మెల్లగా బయటికి పోతుంది కాబట్టి గాలి నింపితే రోజూ 'లీకు' కనిపిస్తుంది. సెలైన్ వద్దు, ఉప్పు పేరుకుంటుంది. నీటి కఫ్‌కు మానోమీటర్ పెట్టకండి, డాక్టరు రాసిన మి.లీ. లెక్కే పాటించండి. స్పాంజి లాంటి ఫోమ్ కఫ్ తనంతట తానే ఉబ్బుతుంది, సిరంజీతో నింపకూడదు. ట్యూబు రెక్క మీద, పైలట్ బెలూన్ మీద రాసింది చదవకుండా ఏదీ నింపొద్దు.

మాట్లాడే వాల్వ్, మూత

పాసీ మ్యూర్ వంటి వాల్వ్ ఒకవైపే తెరుచుకుంటుంది. గాలి ట్యూబులోంచి లోపలికి వస్తుంది, బయటికి పోవాల్సింది కఫ్ పక్కనుంచి పైకి. కఫ్ నిండి ఉంటే రోగి పీల్చగలడు గాని వదలలేడు. నిమిషాల్లో ప్రాణం పోయే ప్రమాదమిది. వాల్వ్ గానీ మూత గానీ పెట్టే ముందు ఇదే వరుస: నోరు సక్షన్, కఫ్ పైన సక్షన్, పైలట్ బెలూన్ చప్పబడేదాకా పూర్తిగా లాగడం, ట్యూబులో సక్షన్, వేలితో ట్యూబు మూసి ముక్కు నోటి నుంచి ఊపిరి వస్తోందో చూడటం, అప్పుడే వాల్వ్. ఊపిరాడక గింజుకున్నా, ముఖం కందినా మొదట వాల్వ్ పీకేయండి. ఫోమ్ కఫ్ ఉన్న ట్యూబుకు వాల్వ్ ఎప్పుడూ పెట్టకూడదు.

సక్షన్‌లో పాలు, జావ, లేదా రక్తం

సక్షన్‌లో ఫీడు రావడం, కడుపు ఉబ్బడం, రైల్స్ ట్యూబులోంచి గాలి రావడం కలిసి కనిపిస్తే శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య రంధ్రం పడిందేమో. ఫీడ్ ఆపి వెంటనే చెప్పండి. ట్రాకియాస్టమీ అయిన 3 రోజుల నుంచి 6 వారాల లోపు తాజా రక్తం కొద్దిగా వచ్చి ఆగినా తేలిగ్గా తీసుకోకూడదు. కఫ్ లేదా ట్యూబు చివర పెద్ద రక్తనాళాన్ని కోస్తున్న సూచన కావచ్చు. ధారగా రక్తం వస్తే సర్జన్ వచ్చేలోపు కఫ్‌ను మామూలు హద్దు దాటి ఉబ్బించి రక్తనాళాన్ని నొక్కి ఉంచుతారు. 30 అన్న నియమాన్ని దాటే సందర్భం ఇది.

ఇంటికి పంపేటప్పుడు

డిశ్చార్జి కాగితంలో ట్యూబు సైజు, కఫ్ రకం, గాలా నీరా, ఎన్ని మి.లీ., మాట్లాడే వాల్వ్ పెట్టవచ్చా లేదా, తెలుగులో రాయించుకోండి. మంచం పక్కన అదే సైజు ట్యూబు, ఒక సైజు చిన్నది, 10 మి.లీ. సిరంజీ, సక్షన్ మెషీన్, ఆంబు బ్యాగ్, కత్తెర, టార్చి ఉండాలి. కరెంటు పోతే పనికొచ్చేలా చేత్తో లేదా కాలితో నడిపే సక్షన్ కూడా. ట్యూబు కట్టుకూ మెడకూ మధ్య ఒక వేలు పట్టాలి. ట్యూబు ఊడినా, పెదాలు నీలిగా మారినా, రక్తం కారినా 108కి ఫోన్ చేసి, "ట్రాకియాస్టమీ పేషెంటు, ఆక్సిజన్, సక్షన్ కావాలి" అని మొదటి మాటలోనే చెప్పండి.