వేలాడే గొలుసు నుంచి గౌడీ కమాను: ఇంట్లోనే చేసి చూసే పద్ధతి

గుమ్మానికి కట్టిన మామిడి తోరణం మధ్యలోకి జారి నిలిచే వంపును మనం చిన్ననాటి నుంచి చూస్తూనే ఉన్నాం. ఆ వంపును తలకిందులు చేస్తే ఇటుకతో కట్టదగిన కమాను వస్తుందన్న సూత్రం ఆధారంగానే స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతపు వాస్తుశిల్పి అంటోనీ గౌడీ (1852–1926) బార్సెలోనా దగ్గరి కోలోనియా గుయెల్ చర్చికి నమూనా చేశారు. దారాలను పైనుంచి వేలాడదీసి, వాటికి సీసపు గుండ్లు నింపిన చిన్న సంచులు కట్టి, ఫొటో తీసి, దానిని తిరగేసి భవనం ఆకారాన్ని చూసుకునేవారు. పదో వంతు కొలతతో చేసిన ఆ నమూనాకు సుమారు పదేళ్లు పట్టింది. 1908లో మొదలైన నిర్మాణం 1914లో ఆగిపోవడంతో కింది భాగమైన క్రిప్ట్ మాత్రమే పూర్తయింది. గౌడీ భవనాలను వట్టి వింత ఊహలుగా భావించేవారు ఈ పనిని ఒక్కసారి తమ చేతులతో చేసి చూడాలని నా కోరిక.

తిరుపతిలో గిల్టు నగలు అమ్మే ఏ అంగడిలోనైనా సన్నని లంకెల గొలుసు మీటరు తీసుకోండి. లంకెలు పెద్దవైతే వంపు నునుపుగా రాదు; సాగే దారం అసలు పనికిరాదు. ఒక చెక్క పలకకు తెల్ల కాగితం అంటించి, పైభాగంలో 30 సెం.మీ. దూరంలో, ఒకే ఎత్తులో రెండు మేకులు కొట్టి, వాటి మధ్య 60 సెం.మీ. గొలుసు వేలాడేలా తగిలించండి. ఫ్యాను ఆపి, గొలుసు కదలిక ఆగాక పెన్సిలుతో దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టి కలపండి. గొలుసులో లాగుడు తప్ప మరో బలం ఉండదు కాబట్టి, తిరగేసిన వంపులో నొక్కుడు మాత్రమే ఉంటుంది. ఇటుక ఓర్చుకునేది ఆ నొక్కుడునే.

ఇప్పుడు సరిగ్గా నడుమ ఇసుక నింపిన చిన్న సంచిని కట్టి చూడండి. వంపు అక్కడ మొన తేలుతుంది. చంద్రగిరి కోటలోని రాజమహల్‌కు వెళ్లినప్పుడు అక్కడి మొనదేలిన కమానుల ఫొటో తీసి, దానిని తిరగేసి ఈ గీతతో పోల్చితే, శిఖరం మీద బరువు ఉన్న కమానుకు ఆ రూపం ఎందుకు నప్పుతుందో కంటికి కనిపిస్తుంది.

సంచి తీసేశాక వచ్చే మొదటి వంపుకు ఇరువైపులా 2.5 సెం.మీ. దూరంలో గీతలు గీసి, ఆ ఆకారాన్ని రెండంగుళాల మందపు థర్మకోల్ మీదికి దింపి, 11 ముక్కలుగా కోయండి. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి: ప్రతి కోత వంపుకు లంబంగా ఉండాలి, అంచులను ఉప్పుకాగితంతో చదును చేయాలి. ముక్కలను పలక మీద వరుసగా పేర్చి, పాదాలు పలక కింది అంచున ఉండేలా చూసి, పలకను మెల్లగా నిలబెట్టి వెనక్కి లాగేయాలి. జిగురు అక్కరలేదు. నేను మొదటిసారి పాదాల పక్కన అడ్డు పెట్టకపోవడంతో, అవి బయటికి జారి కమాను మొత్తం కూలింది. రెండు వైపులా ఒక్కొక్క ఇటుక ఆనించాక కదలకుండా నిలిచింది.

బార్సెలోనాలో గౌడీయే కట్టిన కాసా మిలా (1906–1912) అనే భవనం అటకలో ఇలాంటి ఇటుక కమానులు 270 ఉన్నాయి. వాటి ఎత్తులు వేరువేరు కాబట్టే పైన డాబా అలల్లా లేచి పడుతుంది. మేకుల దూరాన్ని 20, 30, 40 సెం.మీ.గా మారుస్తూ, గొలుసును ప్రతిసారీ దానికి రెట్టింపు పొడవున ఉంచి వంపులు గీసి, కాగితాన్ని తిరగేసి పక్కపక్కన పెడితే ఆ అల మీ గోడ మీదే కనిపిస్తుంది.