పిల్లలు అప్పుడే వద్దనుకుంటే ఏం వాడాలి, ఎలా వాడాలి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన, 49 ఏళ్లలోపు ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మాత్రలు, కండోమ్, కాపర్ టీ (గర్భసంచిలో అమర్చే చిన్న పరికరం) వాడేవాళ్లు చాలా తక్కువ. అంటే పెళ్లైన కొత్తలో ఏమీ వాడరు, ఇద్దరు పుట్టాక ఏకంగా ఆపరేషన్. ఈ మధ్యలో ఎన్ని దారులున్నాయో ఇరవైల్లో ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పరు, అదే నా బాధ.

ముందు ఇద్దరూ కూర్చుని ఎన్నాళ్లు వద్దనుకుంటున్నారో మాట్లాడుకోండి. ఆరు నెలలకైతే ఒకటి, ఐదేళ్లకైతే ఇంకొకటి.

కండోమ్‌తో మొదలుపెట్టొచ్చు, సుఖరోగాల నుంచి కూడా కాపాడేది ఇదొక్కటే. ఎక్స్‌పైరీ డేట్ చూడండి, పర్సులో నెలల తరబడి పెట్టుకోవద్దు, ప్యాకెట్ పళ్లతో చింపొద్దు, తొడిగేటప్పుడు కొనలో గాలి లేకుండా వేళ్లతో నొక్కి పట్టుకోవాలి. కొబ్బరినూనె, వాజిలీన్ రాస్తే రబ్బరు దెబ్బతిని చిరిగిపోతుంది, ఇది చాలామందికి తెలీదు.

మాత్రలైతే మాలా-ఎన్ గవర్నమెంట్ ఆస్పత్రిలో ఫ్రీ, ఆశా వర్కర్ దగ్గర కూడా దొరుకుతాయి. పీరియడ్ వచ్చిన ఐదు రోజుల్లోపు మొదలుపెట్టి రోజూ ఒకే టైముకి వేసుకోవాలి, 21 అసలు మాత్రలు, 7 ఐరన్ మాత్రలు, ప్యాకెట్ అవ్వగానే గ్యాప్ లేకుండా ఇంకోటి. ఒకరోజు మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసేసుకోండి, ఆరోజు రెండు పడినా ఏం కాదు. వరసగా రెండు గానీ ఎక్కువ గానీ మర్చిపోతే మాత్రం గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకుని, మిగతావి రోజూ వేసుకుంటూ ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. బీపీ ఉన్నా, కళ్లముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నా, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా ఇవి వద్దు. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి కొన్ని మందులు వాడుతుంటే ఈ మాత్రలు సరిగ్గా పనిచేయవు, డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

రోజూ గుర్తుండదు అనుకుంటే ఛాయా ఉంది, లక్నోలో మనవాళ్లు తయారుచేసిన మాత్ర, ఇందులో హార్మోన్ లేదు. పీరియడ్ మొదటిరోజు ఆదివారమైతే ఆది, బుధవారాలు, అలా మూడు నెలలు, తర్వాత వారానికి ఒక్కటే, ఆదివారం. డేట్లు కాస్త ఆలస్యమవుతాయి, పాలిచ్చే తల్లులూ వాడొచ్చు.

అంతరా ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. మానేశాక గర్భం రావడానికి ఏడెనిమిది నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టొచ్చు కాబట్టి వచ్చే ఏడాదే పిల్లలు కావాలనుకునేవాళ్లకి ఇది సరిపోదు. కాపర్ టీ ఐదేళ్లది, పదేళ్లది రెండూ ఉంటాయి, పిల్లలు పుట్టనివాళ్లు వేయించుకోకూడదనేది తప్పు, తీయించగానే గర్భం వచ్చే అవకాశం మామూలుగా ఉంటుంది.

ఇక ఐ-పిల్ లాంటివి. కండోమ్ చిరిగినా, ఏమీ వాడకపోయినా 72 గంటల్లోపు ఒక్క మాత్ర, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, రెండు గంటల్లో వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. ఇది అండం విడుదలని ఆపుతుంది లేదా ఆలస్యం చేస్తుంది, అంతే, అప్పటికే వచ్చిన గర్భాన్ని తీయదు, మర్నాడు కలిస్తే దానికి పనిచేయదు. ప్రతినెలా ఇదే వాడుకుంటూ పోతున్న అమ్మాయిలున్నారు, దయచేసి అలా చేయకండి, రోజువారీ మాత్రతో పోలిస్తే దీని నమ్మకం తక్కువ, పీరియడ్స్ కూడా గజిబిజి అవుతాయి. మెడికల్ షాపులో అబ్బాయి వెళ్లి అడిగినా ఇస్తారు, చీటీ అక్కర్లేదు.

డేట్ వారం దాటితే కిట్‌తో టెస్ట్ చేసుకోండి. గర్భం ఉంటే షాపులో అబార్షన్ మాత్రలు కొనుక్కుని ఇంట్లో మింగొద్దు, డాక్టర్ దగ్గరికే వెళ్లండి. వాడిన పద్ధతి ఫెయిలై వచ్చిన గర్భాన్ని 20 వారాల దాకా ఒక్క డాక్టర్ అభిప్రాయంతో తీయించుకోవచ్చని 2021లో సవరించిన చట్టం చెప్తోంది, పెళ్లికానివాళ్లకీ అంతే. 18 నిండితే ఆ అమ్మాయి సంతకం ఒక్కటే చాలు, భర్తది గానీ అమ్మానాన్నలది గానీ అడగాల్సిన పని లేదు.