మంచం దిగాలంటే భయపడ్డ రోజులు

విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పని నాది. రోజంతా గ్రానైట్ నేల మీద చెప్పుల్లేకుండా నిలబడాలి. పోయిన వేసవిలో మొదలైంది. పొద్దున్నే మంచం దిగి కుడికాలు నేల మీద పెట్టగానే మడమలో మేకు దిగినట్టుండేది. నాలుగడుగులు వేస్తే తగ్గేది, రాత్రికి మళ్లీ మామూలే.

ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారు. ఇక ఆపరేషనే అనుకుని హడలిపోయాను. ఫిజియోథెరపిస్టు మాత్రం తేలిగ్గా నవ్వేశారు. ఏ నొప్పీ లేనివాళ్లకీ అలా పెరిగి ఉంటుందట. అసలు గొడవ మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి లోపల ఉండే నారలాంటి పట్టీది. రాత్రంతా కదలిక లేక అది బిగుసుకుంటుంది, పొద్దున మొదటి అడుగుకి ఒక్కసారిగా లాగుతుంది.

అప్పట్నుంచి మంచం దిగేముందే కాలి వేళ్లను చేత్తో నా వైపు లాగి పది అంకెలు లెక్కపెడతాను, అలా పదిసార్లు. తర్వాత గోడకు చేతులు ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ లేవకుండా పిక్క సాగదీస్తాను. 30 సెకన్లు, మూడుసార్లు. రాత్రి గడ్డకట్టిన నీళ్ల బాటిల్‌కి గుడ్డ చుట్టి అరికాలి కింద దొర్లించేవాణ్ణి. (షుగరుండి పాదాలు తిమ్మిరెక్కేవాళ్లు ఈ ఐసు జోలికి పోకండి, ముందు డాక్టరుకి చూపించుకోండి.) షాపులో మెత్తటి చెప్పులు వేసుకోవడానికి ఓనరుగారిని ఒప్పించడమే అన్నిటికన్నా కష్టమైంది!

వారంలో ఏమీ తగ్గలేదు. రెండో నెలలో కొంచెం తేడా తెలిసింది. నాలుగో నెలకి కనకదుర్గమ్మ కొండ మెట్లెక్కి వచ్చాను, మర్నాడు పొద్దున మామూలుగానే మంచం దిగాను.