డీర్ సీజన్‌కి ముందు ఎడమచేతివాటం వాళ్లు రైఫిల్ కొనాలంటే

టెక్సస్‌లో ఎక్కువ ప్రాంతాల్లో రైఫిల్‌తో డీర్ వేట నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అక్టోబరు చివర్లో గన్ షాపుకి వెళ్లి ఎడమచేతి బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి దెబ్బ తర్వాతా పక్కనున్న బోల్ట్ పిడిని చేత్తో లాగి కొత్త తూటా ఎక్కించేది) అడిగితే, గోడ నిండా ఉన్న కుడిచేతి రైఫిళ్ల మధ్య ఒకటో రెండో కనిపిస్తాయి. అవి కూడా మనకి కావలసిన క్యాలిబర్‌లో (తూటా సైజులో) ఉండవు. "కుడిచేతిదే తీసేసుకున్నా అన్నా, నాలుగు రోజుల్లో అలవాటైపోతుందిలే" అని ఫోన్ చేసే తమ్ముళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. ఎంత అలవాటైనా బోల్ట్ పిడి కుడివైపే ఉంటుంది, మన ట్రిగర్ చెయ్యి ఎడమవైపే ఉంటుంది. అందుకే ఈ కొనుగోలు వేసవిలోనే పెట్టుకోవాలి.

ముందు వీసా సంగతి చూసుకోండి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడానికీ, దగ్గర ఉంచుకోవడానికీ ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. దీనికున్న మినహాయింపుల్లో మనవాళ్లకి పనికొచ్చేది గడువు తీరని హంటింగ్ లైసెన్స్. మెలిక ఏంటంటే, టెక్సస్ హంటింగ్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది. రైఫిల్ ఇంట్లో ఉండి లైసెన్స్ గడువు తీరితే మినహాయింపు కూడా పోయినట్టే. గ్రీన్ కార్డు ఉన్న ఫ్రెండ్ పేరు మీద కొనిపించుకుందామన్న ఆలోచన అసలు వద్దు. షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొంటున్నది మీరేనా అని అడుగుతారు, అక్కడ అబద్ధం చెప్పడం ఫెడరల్ నేరం. స్టేటస్‌లో ఏ చిన్న అనుమానం ఉన్నా ముందు ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి, ఆ తర్వాతే గన్ షాపుకి. 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కూడా తప్పనిసరి. దాన్ని మొక్కుబడిగా చేయకండి.

తర్వాత కన్ను. రెండు చేతులూ ముందుకి చాచి, వేళ్ల మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న లైటుని రెండు కళ్లతో ఆ సందులోంచి చూడండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్నుతో చూసినప్పుడు లైటు సందులోనే నిలిచిందో అదే మీ బలమైన కన్ను. ఎడమచేత్తో రాసే కొందరికి కుడికన్ను బలంగా ఉంటుంది, కుడిచేతివాటం వాళ్లలో కొందరికి ఎడమకన్ను. స్కోప్‌తో ఒక కన్ను మూసి కొడితే ఇది పెద్ద అడ్డంకి కాదు. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్లు బలమైన కన్ను ఉన్న భుజానికే ఆనించడం మంచిది. రైఫిల్ ఏ చేతిదో ఇది తేలాకే నిర్ణయించుకోండి.

ఇక బోల్ట్. నిలబడి ఉన్నారనుకోండి. స్టాక్ (రైఫిల్ వెనకభాగం) ఎడమ భుజానికి ఆనింది, కుడిచెయ్యి ముందుభాగాన్ని మోస్తోంది, ఎడమచూపుడువేలు ట్రిగర్ నొక్కింది. డీర్ పడలేదు, రెండో తూటా కావాలి. ఎడమచేతిని పట్టు వదిలించి స్కోప్ మీదుగా కుడివైపుకి పంపితే రైఫిల్ భుజం మీంచి జారుతుంది. కుడిచేతిని వెనక్కి తెస్తే బరువంతా ఎడమచేతి మీద పడి మజిల్ (గొట్టం మూతి) కిందికి వాలుతుంది. ఎలా చేసినా గొట్టం ఊగుతున్నప్పుడే కొత్త తూటా చాంబర్‌లోకి (తూటా కూర్చునే అరలోకి) వెళుతోంది, మీ చూపేమో గాయపడ్డ డీర్ మీద ఉంది. పక్కన మనిషి ఉంటే ఇది ఎంత చెడ్డ క్షణమో వేరే చెప్పక్కర్లేదు.

అదే బెంచి మీద, బైపాడ్ (రెండుకాళ్ల స్టాండ్) మీద అయితే కథ వేరు. బరువు స్టాండ్ మోస్తుంది, ఎడమచెయ్యి పట్టు మీదే ఉంటుంది, ఖాళీగా ఉన్న కుడిచేత్తో బోల్ట్ లాగొచ్చు. నిజానికి ఇది హాయిగా ఉంటుంది. టార్గెట్ షూటింగ్ తప్ప వేట ఊసే లేనివాళ్లు కుడిచేతి రైఫిల్‌తో సరిపెట్టుకుంటే నేను అభ్యంతరం చెప్పను. రెండూ కావాలంటే మాత్రం ఎడమచేతిదే కొనండి.

ఇంకో సంగతి మొహానిది. ఎడమ భుజం నుంచి కొట్టేవాళ్ల మొహం స్టాక్‌కి కుడివైపు ఆనుతుంది. కుడిచేతి రైఫిల్‌లో ఖాళీ కేసు (పేలాక మిగిలే తూటా గుల్ల) బయటపడే కిటికీ సరిగ్గా మొహం ఉన్న వైపే ఉంటుంది. మామూలు రోజుల్లో ఏమీ కాదు. ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే చిన్న మూత) చిల్లుపడినా, కేసు పగిలినా వేడి గ్యాస్ ఆ దారినే వస్తుంది. తప్పు తూటా వేయడం ఇలాంటి ప్రమాదాలకి ఒక ముఖ్య కారణం. .300 బ్లాకౌట్ తూటా .223 చాంబర్‌లో పట్టేయొచ్చు, పేలిస్తే రైఫిల్ బద్దలవుతుంది. తూటా అడుగున ఉన్న ముద్రనీ, గొట్టం మీద ముద్రనీ చదివి పోల్చుకోండి. రెండు రకాల తూటాలు ఒకే బల్ల మీద పెట్టుకోకండి. షూటింగ్ కళ్లద్దాలు ఏ చేతివాటం వాళ్లకైనా తప్పనిసరి. పవర్ అద్దాలు వాటికి బదులు కావు.

షాపులో రైఫిల్ చేతికి రాగానే బోల్ట్ తెరిచి, చాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, చిటికెనవేలితో తడిమి చూడండి. తర్వాత సేఫ్టీ, అంటే రైఫిల్ పేలకుండా ఆపే మీట. శావేజ్ 110, రూగర్ అమెరికన్, బ్రౌనింగ్ ఎక్స్-బోల్ట్‌లలో సేఫ్టీ వెనక మధ్యలో, బొటనవేలి కిందే ఉంటుంది కాబట్టి ఏ చేతికైనా ఒకటే. పక్కన సేఫ్టీ ఉండే మోడళ్లలో అది మీ బొటనవేలికి అందే వైపే ఉందో లేదో చూడాలి. స్టాక్ కూడా ఎడమచేతి వాళ్ల కోసం చేసిందేనా అని చూడండి. చెంప ఆనే ఎత్తు రెండోవైపు ఉంటే ప్రతి దెబ్బకీ దవడ నొప్పి. అమెరికన్ స్టాక్‌లలో ట్రిగర్ నుంచి బట్ చివరిదాకా సుమారు 13.5 అంగుళాలు ఉంటుంది, పొట్టి చేతులవాళ్లకి అది ఎక్కువ. మెడ ముందుకి సాచి స్కోప్‌లోకి చూస్తే, రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ తగిలి కనుబొమ పగులుతుంది. నవంబరులో వేసుకునే జాకెట్‌తోనే వెళ్లి కొలత చూసుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో రెండువైపులా ఫొటోలు అడగండి. బెంచి పోటీల వాళ్ల కోసం బోల్ట్ ఒకవైపు, కిటికీ ఇంకోవైపు ఉండేలా చేసిన రైఫిళ్లు ఉంటాయి, వాటినీ "లెఫ్ట్" అనే అమ్మేస్తారు. రెమింగ్టన్ 700 అయితే రీకాల్ సంగతి తేల్చుకోకుండా డబ్బివ్వకండి. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగర్లని, తాకకుండానే పేలే అవకాశం ఉందని కంపెనీ 2014లో వెనక్కి పిలిచింది. రిపేర్ అయిందో లేదో ముందే తేల్చుకోండి.

క్యాలిబర్ మీద ఎక్కువ టెన్షన్ పడక్కర్లేదు. .308, 6.5 క్రీడ్‌మోర్ ఎడమచేతి రైఫిళ్లలో తేలిగ్గా దొరుకుతాయి, టార్గెట్‌కీ డీర్‌కీ సరిపోతాయి. .300 విన్ మ్యాగ్ లాంటివి మొదటి రైఫిల్‌గా వద్దు, ఆ తన్నుకి భయపడి ట్రిగర్ గుంజడం అలవాటవుతుంది. మీ రాష్ట్రం రూల్ మాత్రం చదవండి. న్యూజెర్సీలో సెంటర్‌ఫైర్ రైఫిల్‌తో (ప్రైమర్ తూటా అడుగున మధ్యలో ఉండేది, పైన చెప్పిన క్యాలిబర్లన్నీ ఇవే) డీర్‌ని వేటాడకూడదు. ఒహాయోలో రైఫిల్‌కి స్ట్రెయిట్-వాల్ తూటాలే (మెడ దగ్గర సన్నబడని గుల్లవి) చెల్లుతాయి. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండి క్రీడ్‌మోర్ కొంటే అది రేంజికే.

రేంజిలో కొన్ని బెంచీలు కుడిచేతి వాళ్ల కొలతకే కోసి ఉంటాయి. మోచేతికి ఆసరా లేక రైఫిల్ వాలిపోతుంటే బెంచి మార్చమని అడగండి, మొహమాటపడకండి. 100 గజాల్లో జీరో చేశాక (స్కోప్‌లో గురిపెట్టిన చోటే తూటా తగిలేలా సర్దాక), ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో నిలబడి బోల్ట్ లాగడం సాధన చేయండి. తూటాలు వేరే గదిలో ఉండాలి.

పొలంలో ఎడమచేతి వాళ్లు రెండు చేతులతో రైఫిల్ పట్టుకుంటే మజిల్ కుడివైపు తిరుగుతుంది. మిగతావాళ్లది ఎడమవైపు తిరుగుతుంది. కాబట్టి వరసలో నడిచేటప్పుడు మీరు కుడి చివర ఉండాలి, ముందే చెప్పి అక్కడికి వెళ్లండి. కంచె దాటేముందు తూటాలు తీసేసి, బోల్ట్ తెరిచి, రైఫిల్‌ని కింద పెట్టి దాటాలి. కుడిచేతివాటం ఫ్రెండ్ సరదాకి అడిగితే, సేఫ్టీ ఎక్కడుందో, బోల్ట్ ఎటుందో చూపించాకే, ఒక్క తూటాతోనే ఇవ్వండి.

ఇంట్లో తాళం వేసిన సేఫ్‌లోనే ఉంచండి. పిల్లల చేతికందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది మీ మీద కేసు. వేటకి తీసుకెళ్లిన బ్యాగుని మాత్రం డిసెంబరులో ఇండియా ప్రయాణానికి వాడకండి. లైనింగ్ కింద ఒక్క తూటా దాక్కుని ఉన్నా, శంషాబాద్ స్క్రీనింగ్‌లో దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు, పాస్‌పోర్టుతో తిప్పలు. దాని మీద పెద్ద అక్షరాలతో "రేంజ్" అని రాసి గరాజ్‌లో పడేయండి.